బట్టకు పోసిన నీళ్ళు

అనామయానంద స్వామిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆశ్రమానికి కొత్తగా వచ్చేవాళ్ళకు ఈ సంగతి తెలియదు. మాయ అంటే ఏమిటని అడిగిన ఒక ఇంజనీరుగారిని వంటింట్లోకి పంపి బియ్యంలో రాళ్ళు ఏరించారు. కోపం ఎలా పోతుందని అడిగిన ఒక పెద్దమనిషిని తన్నే ఆవు దగ్గరికి పాలు పితకమని పంపారు. ఆయన కోపం సంగతి నాకు తెలియదు గాని, మనిషి మాత్రం మళ్ళీ ఆశ్రమంలో కనపడలేదు. అందుచేత మాబోటి పాతవాళ్ళం ప్రశ్నలు మానేసి, కళ్ళు మూసుకుని కూర్చుని, అన్నీ తెలిసినట్టు తలలాడించడం అలవాటు చేసుకున్నాం. అక్కడ నాది వేణ్ణీళ్ళు కాచే పని. పొయ్యి దగ్గర కూర్చున్నవాణ్ణి ఎవరూ లెక్కలోకి తీసుకోరు కనక అందరి మాటలూ వాడి చెవిన పడతాయి. ఇప్పుడు చెప్పబోయేది నేను అలా విన్నదీ, కొంత నా కళ్ళతో చూసిందీ.

కనకలింగం గారు పాత శిష్యుడే అయినా ఆ మాఘమాసంలో ఒక ప్రశ్న పట్టుకుని వచ్చారు. ఆయన నేతవారి ఇంట పుట్టి, మగ్గం మీద పెరిగి, తరువాత టౌనులో బట్టల దుకాణం పెట్టి బాగుపడ్డ మనిషి. వచ్చినప్పుడల్లా స్వామికి పంచెల చాపు తెచ్చేవారు. ఆశ్రమంలో కిటికీకి కట్టిన తెర దగ్గర నుంచి హారతి పళ్ళెం మీద కప్పే గుడ్డ దాకా అన్నీ ఆయన ఇచ్చినవే. “మా మూలపురుషుడు దేవలుడు దేవతలకు సైతం బట్ట కట్టబెట్టినవాడండీ, లోకం మానం కాపాడిన వంశం మాది” అని పరిచయమైన ప్రతివారికీ చెప్పేవారు. అందులో గొప్ప ఏమీ ఉండేది కాదు, ఊరి పేరు చెప్పుకున్నట్టు చెప్పుకునేవారు. భార్య పోయి ఏడాది కావస్తోంది. ఒక్కతే కూతురు, ఈశ్వరి. హైదరాబాదులో రంగుల కంపెనీలో ఉద్యోగం.

ఆ కంపెనీవారు ఈశ్వరిని శిక్షణ కోసం జర్మనీ పంపారు. అక్కడ ఒక సెలవునాడు ఆమె సముద్రపు ఒడ్డుకు వెళ్ళింది. ఆ ఒడ్డున ఆడా మగా, ముసలీ ముతకా అందరూ ఒంటి మీద నూలుపోగు లేకుండా స్నానాలు చేస్తారట, ఎండ కాచుకుంటారట. ఈమె కూడా అలాగే చేసింది. చేసి ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. తిరిగి వచ్చాక ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, వరసైన పిల్లలు అక్కడ ఏం చూశావని అడిగితే రైళ్ళు చూశాను, కోటలు చూశాను, ఇదీ చూశాను అని అదే గొంతుతో చెప్పేసింది. గుసగుసగా చెప్పి, ఒట్టు వేయించుకుని ఉంటే నలుగురి మధ్య రహస్యంగా ఉండిపోయేది. మామూలు విషయంలా చెప్పినందుకే అసలు గొడవ వచ్చిందని నా అనుమానం. ఒక్క ఫోటో కూడా లేదు. అయినా పెళ్ళివారు ఊళ్ళకు చేరేలోపల, దగ్గరుండి చూసినట్టు వర్ణించేవాళ్ళు బయలుదేరారు.

ఆ సాయంత్రం స్వామి వరండాలో వాలుకుర్చీలో ఉన్నారు. పక్కన సన్యాసిరావు విసనకర్ర పట్టుకుని కూర్చున్నాడు. పేరు సన్యాసిరావే గాని పెళ్ళాం పిల్లలున్న సంసారి, ఆశ్రమం పెత్తనమంతా అతనిదే. కనకలింగం గారు దణ్ణం పెట్టి, తెచ్చిన చాపు స్వామి కాళ్ళ దగ్గర పెట్టి, గొంతు సవరించుకున్నారు.

“స్వామీ, వచ్చే గురువారం మా ఇంటిదాని సంవత్సరీకం. కూతురు వస్తానంటోంది. అది ఇంట్లో ఉంటే మా సంఘం పెద్దలు విస్తరి ముందు కూర్చునేది లేదన్నారు. రావద్దని దానికి కబురు పెట్టమంటున్నారు. తల్లి సంవత్సరీకానికి కన్నకూతుర్ని రావద్దనడమా, నలుగురి చేతా వెలివేయించుకోడమా? ఏటి చెయ్యమంటారు?”

“గుమ్మంలోనే ఆపెయ్యాలండీ,” అన్నాడు సన్యాసిరావు, తనను ఎవరూ అడక్కపోయినా. “ఇవాళ చూసీ చూడనట్టు ఊరుకుంటే రేపు మన పిల్లలందరూ అలాగే తయారవుతారు.”

నాకు ఒళ్ళు మండింది. పొయ్యి దగ్గర నుంచే అందుకున్నాను. “మరి దిగంబర సాధువులు వస్తే కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటున్నాం కదండీ.”

కనకలింగం గారు నా వైపు తిరిగారు. కోపంగా చూస్తారనుకున్నాను గాని ఆయన కళ్ళల్లో నీళ్ళు ఉన్నాయి. “వాళ్ళు అన్నీ వదిలేసిన వాళ్ళండీ. ఇదేటి వదిలిందని?”

స్వామి చాలాసేపు తన కాళ్ళ దగ్గరి కొత్త చాపును చూస్తూ ఉండి, “రేపు పొద్దున నాకు నీళ్ళు నువ్వు పోయాలి, కనకలింగం” అన్నారు. సన్యాసిరావు మొహం చిన్నబోయింది. స్వామికి నీళ్ళు పోయడం ఆశ్రమంలో అందరికీ దక్కే సేవ కాదు.

ఆ స్నానం సంగతి కొంచెం చెప్పాలి. స్వామికి అప్పటికి ఎనభై దాటాయి. కిందటి వానాకాలం కాలుజారి తుంటి విరిగాక నడక పోయింది. మంచం, వాలుకుర్చీ, స్నానానికి బాదంచెట్టు కింద రాతిబల్ల, అంతే ఆయన తిరుగుడు. గుడిలో దేవుడికి అలంకారం చేసేటప్పుడు తెర వేస్తారు కదా, అలా ఆ రాతిబల్ల చుట్టూ తెర కట్టేవాళ్ళం. గురువుగారి శరీరం గర్భగుడితో సమానమని, దాన్ని కంటితో చూడరాదని సన్యాసిరావు పెట్టిన నియమం. మెడ నుంచి మోకాళ్ళ దాకా పంచె కప్పి, ఆ పంచె మీదే నీళ్ళు పోసి, పైనుంచి పొడిబట్ట కప్పుతూ కింద నుంచి తడిబట్ట లాగేసేవాళ్ళం. అదంతా మొహం పక్కకు తిప్పుకునే చెయ్యాలి. చేసి చేసి మాకు ఎంత నేర్పు వచ్చిందంటే, స్వామి ఒంట్లో గోరంత చోటు కూడా మా కంటపడేది కాదు. మా భక్తికి మేమే లోలోపల మురిసిపోయేవాళ్ళం కూడా.

మర్నాడు ఎండెక్కాక కనకలింగం గారు తలస్నానం చేసి, మడిబట్ట కట్టుకుని వచ్చారు. నేను వేణ్ణీళ్ళు చన్నీళ్ళతో తొరిపి తెర లోపల పెట్టి అక్కడే నిలబడ్డాను. ఆయన మొహం తెరవైపు తిప్పుకుని, పెదవులు కదుపుతూ ఏదో స్తోత్రం చదువుకుంటూ, కప్పిన పంచె మీద చెంబులతో నీళ్ళు పోయసాగారు. స్వామి కాసేపు పోయనిచ్చారు.

“కనకలింగం, నువ్వు నీళ్ళు పోస్తున్నది నాకా, బట్టకా?”

ఆయన చెంబు అలాగే పట్టుకుని ఆగిపోయారు.

“బట్ట తీసెయ్.”

“స్వామీ, అపచారం.”

“తియ్యి.”

ఆయన కళ్ళు మూసుకునే పంచె అంచు పట్టుకుని లాగారు. సగం వచ్చింది, సగం రాలేదు. ఇంకా పూర్తిగా నానలేదేమో, వెనక ఎక్కడో అంటుకుపోయింది. ఇంకొంచెం బలంగా లాగేసరికి స్వామి పళ్ళు బిగించి మూలిగారు. అప్పుడు కనకలింగం గారు తల తిప్పి చూశారు. నేనూ చూశాను. తుంటి వెనక అరచేయంత పుండు. అంచులు నల్లబడి, లోపల చీము పట్టి, పంచె పోగులు ఆ చీములోకి దిగబడి ఉన్నాయి. కొన్నాళ్ళుగా స్వామి దగ్గర ఏదో వాసన వస్తోంది. తడిబట్టలు సరిగ్గా ఆరడంలేదనుకుని మేం అగరొత్తులు ఎక్కువ వెలిగించాం.

“ఎన్నాళ్ళయింది స్వామీ ఇది?” అన్నారు కనకలింగం గారు. “ఒక్క మాట చెప్పకూడదా?”

“చెప్పాను. అక్కడ మంటగా ఉందన్నాను. విభూతి తెచ్చి బట్ట మీద రాశారు.”

నిజమే. రాసినవాళ్ళలో నేనూ ఉన్నాను. తెర బయట నుంచి సన్యాసిరావు “ఏమైంది, ఏమైంది” అని అరుస్తున్నాడు గాని, నియమం అడ్డొచ్చి లోపలికి రాలేక అక్కడే తచ్చాడుతున్నాడు. ఆ క్షణాన మా భక్తి మీద నాకు అసహ్యం వేసింది.

కనకలింగం గారు మాత్రం వేరే మనిషి అయిపోయారు. “గోరువెచ్చని నీళ్ళు ఇంకో చెంబు కావాలండీ. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతబట్ట ఏదైనా చూడండి, కొత్తది వద్దు” అని నాతో చెప్పి, రాతిబల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. పుండు మీద నీళ్ళు చుక్కచుక్కగా వదులుతూ, అంటుకున్న ప్రతి పోగునూ నానబెట్టి, లాగకుండా విడదీశారు. స్వామి మళ్ళీ మూలగలేదు. ఇంత ఓపికగా ఈ పని ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను.

“మా ఈశ్వరి వీపు మీదండీ,” అన్నారు.

చేతులు ఆపకుండానే చెప్పారు, నాకు కాదు, స్వామికి. “అప్పటికింకా చిన్నపిల్ల స్వామీ. వీధిలో పడుగు నూలు బారుగా చాచి గంజి పెడుతున్నాం. సలసలా కాగే గంజి గుండిగ నేను దించుతుంటే, ఆడుకుంటూ వెనక నుంచి వచ్చి నన్ను వాటేసుకుంది. నా చేతులు బెదిరాయి. మెడ కింద నుంచి నడుం దాకా కాలిపోయింది. గౌను ఒలిస్తే తోలు కూడా వచ్చేసింది. మానేదాకా రోజూ నేనే కట్టు మార్చాను. మానాక మళ్ళీ ఆ వీపు చూళ్ళేదు. దుకాణంలో కొత్త సరుకు దిగిందంటే ముందు దాని జాకెట్లకే గుడ్డ తీసేవాణ్ణి. దళసరి గుడ్డ, మెడదాకా, ముంజేతులదాకా. ఎండాకాలం ఉక్కపోసి ఏడ్చినా అదే తొడిగించాను. ఆ తోలు ముడతలు చూస్తే లోకం నవ్వుతుందని.”

“లోకమా?” అన్నారు స్వామి.

కనకలింగం గారి చేతులు ఆగిపోయాయి. ఆయన భుజాలు కదలడం చూసి నేను తెరవైపు తిరిగిపోయాను. కాసేపటికి ఆయన గొంతు వినపడింది. “కాదు స్వామీ. నేనే. నేనే చూళ్ళేక.”

“ఇదేం వదిలిందని నిన్న అడిగావు కదా. ఆ మాట దాన్ని అడిగావా?”

“లేదు స్వామీ.”

“అడుగు.”

మధ్యాహ్నం డాక్టరు వచ్చి పుండు కడిగి, కట్టు కట్టి, ఇంకొన్నాళ్ళు ఇలాగే ఉంటే మనిషి దక్కేవాడు కాడని మా అందరినీ వరసగా తిట్టిపోశాడు. ఆ తెర పీకి పారెయ్యమన్నాడు. ఆయన వెళ్ళిపోయాక కనకలింగం గారు వరండాలో స్వామి పక్కనే నేల మీద కూర్చుని కూతురికి ఫోను చేశారు. మగ్గాల చప్పుడుకు ఆయన చెవులు చిన్నప్పుడే మొద్దుబారాయి, స్పీకరు పెడితేగాని వినపడదు. అందుచేత స్వామీ విన్నారు, నేనూ విన్నాను.

“ఈశ్వరీ, ఆ సముద్రానికి ఎందుకు వెళ్ళావమ్మా?”

“అమ్మ సంవత్సరీకానికి రావద్దని చెప్పడానికి చేశావా నాన్నా?”

“కాదమ్మా. నాకు తెలీదు, అందుకని అడుగుతున్నాను.”

“అక్కడివాళ్ళు సెలవొస్తే మామూలుగా వెళ్ళే చోటే అది. నాతో పనిచేసేవాళ్ళు రమ్మంటే వెళ్ళాను,” అంది ఈశ్వరి. “ముందు చాలాసేపు బట్టలతోనే కూర్చున్నాను. బట్టలున్నాయని కూడా ఎవరూ నన్ను చూళ్ళేదు. ఒక బొజ్జాయన పేపరు చదువుకుంటున్నాడు, పిల్లలు ఇసకలో గోతులు తవ్వుతున్నారు. చివరికి నేనూ విప్పేసి వెళ్ళి మోకాలిలోతు నీళ్ళలో నిలబడ్డాను. వెనక నుంచి ఒక ముసలావిడ వచ్చింది. నా వీపు చూసే ఉంటుంది, కనపడకుండా ఎలా ఉంటుంది? నీళ్ళు చల్లగా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. అంతే నాన్నా. ఇంకేమీ జరగలేదక్కడ. తరువాత ఇసకలో బోర్లా పడుకున్నాను. వీపుకు ఎండ తగిలితే ఎలా ఉంటుందో నాకు అప్పటిదాకా తెలీదు.”

కనకలింగం గారు ఫోను రెండు చేతుల్లోనూ పట్టుకున్నారు. “ఆ తోలు ఎండకు ఆగదే తల్లీ. మండలేదా?”

“మండింది నాన్నా. రూముకు వచ్చి కొబ్బరినూనె రాసుకున్నాను.”

“చెయ్యి అందిందా?”

“అందినంత మేర రాసుకున్నాను.”

ఆయన ఏదో దారి దొరికినట్టు ముందుకు వంగారు. “నువ్వు రా అమ్మా. ఈ మాట సంఘం వాళ్ళకి నేను చెప్తాను. చిన్నప్పుడు కాలిందని, ఆ మచ్చ బాధకే అక్కడికి వెళ్ళిందని చెప్తే పాపం అనుకుంటారు. ఎవరూ నోరెత్తరు.”

“చెప్పకు నాన్నా. అక్కడ మచ్చ లేనివాళ్ళే ఎక్కువమంది. వాళ్ళు మాత్రం ఏం తప్పు చేశారు? నా మచ్చ చూపించి నన్ను వదిలెయ్యమని ఎవరినీ అడగొద్దు. ఊరికే రమ్మంటే వస్తాను. లేదంటే ఇక్కడే అమ్మ ఫోటోకి దణ్ణం పెట్టుకుంటాను.”

కనకలింగం గారు స్వామి వైపు చూశారు. స్వామి కళ్ళు మూసుకుని ఉన్నారు. నిద్రపోయారో ఏమో తెలియలేదు.

“ఊరికే రా అమ్మా,” అన్నారు కనకలింగం గారు.

ఆయన బండెక్కాక సన్యాసిరావు నా దగ్గరికి వచ్చి వాపోయాడు. ఒక్క మాటతో తేలిపోయేదాన్ని ఆ పిల్ల పొగరు చెడగొట్టిందన్నాడు. నేను పొయ్యిలోకి పుల్లలు ఎగదోస్తూ ఉండిపోయాను. నిజానికి నాకూ అలాగే అనిపించింది. ఆ మాట చెప్పేస్తే ఏం పోయింది, తండ్రి పరువు దక్కేది కదా అనుకున్నాను. అలా అనుకున్నంతసేపూ స్వామి పుండే కళ్ళ ముందు ఆడింది.

సంవత్సరీకం అయిపోయిన వారానికి కనకలింగం గారు మళ్ళీ వచ్చారు. ఈసారి కొత్త పంచెలు తేలేదు. కట్టుకు పనికివచ్చేలా ఉతికి, ఉడకబెట్టి, ఆరబెట్టిన పాత నూలుగుడ్డల మూట తెచ్చారు. బాదంచెట్టు కింద తెర లేదు. స్వామి నడుముకు చిన్న అంగవస్త్రం చుట్టుకుని రాతిబల్ల మీద ఒత్తిగిలి పడుకున్నారు. పుండు ఎర్రగా, శుభ్రంగా, అంచుల నుంచి మూసుకుంటూ వస్తోంది. ఆకుల సందుల్లోంచి ఎండ దాని మీద పడుతోంది. నేను నూతినీళ్ళ బకెట్టు పెట్టి, వేణ్ణీళ్ళు ఇంకా కాగలేదని చెప్పాను.

కనకలింగం గారు నేల మీద కూర్చున్నారు. మనిషి చిక్కిపోయారు.

“సగం విస్తళ్ళు ఖాళీ స్వామీ. సంఘం పెద్ద వీరభద్రయ్య వచ్చి కూర్చున్నాడు గాని, అది పప్పు వడ్డించబోతే విస్తరికి చెయ్యి అడ్డం పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆయన వెనకే మిగతావాళ్ళూ లేచారు. అది మెడదాకా జాకెట్టే వేసుకుంది, పైట నిండుగా కప్పుకుంది. అయినా గుమ్మం దాటేదాకా దాన్నే చూస్తూ వెళ్ళారు. ఆ మచ్చ మాట నా నోటిదాకా వచ్చింది స్వామీ. చెప్తే మళ్ళీ వచ్చి కూర్చునేవారు. చెప్పలేదు.”

స్వామి వింటున్నారు.

“సాయంత్రం అది నడవలో కూర్చుని, కొబ్బరినూనె గిన్నె నా ముందు పెట్టింది. జాకెట్టు మెడ కొంచెం కిందికి దించుకుంది. చెయ్యి అందనిది మెడ కిందేనట.” ఆయన తన అరచేతులు చూసుకున్నారు. “చూశాను స్వామీ.”

గాలికి ఒక బాదం ఆకు రాలి స్వామి భుజం మీద పడితే ఆయనే తీసి పక్కన పెట్టారు. కనకలింగం గారు కళ్ళు తుడుచుకుని మళ్ళీ అందుకున్నారు. “కూతురి విషయంలో నా మనసు కుదుటపడింది. కాని దుకాణం తీస్తే రోజూ వాళ్ళ మొహాలే చూడాలి. ఎదురుపడ్డప్పుడల్లా నా నోటి నుంచి ఏదో రావాలని నిలబడతారు. విస్తళ్ళ ముందు నుంచి లేచి వెళ్ళిన వాళ్ళకి నేనేటి చెప్పాలి స్వామీ?”

స్వామి మళ్ళీ ఏదో పని చెప్పబోతున్నారని నాకనిపించింది. ఆయన తల కొంచెం ఎత్తి బకెట్టు వైపు చూశారు.

“నీళ్ళు చల్లగా ఉన్నాయా?”

ఫోనులో కూతురు చెప్పిన ముసలావిడ మాట గుర్తొచ్చిందేమో, కనకలింగం గారు బకెట్టులో చెయ్యి పెట్టారు. అలాగే కాసేపు ఉంచారు.

“ఉన్నాయి స్వామీ.”

“అంతే,” అన్నారు స్వామి.